నెట్ స్పీడు రాత్రి ఎనిమిదికి కొలవండి

సంపాదకులు గారికి,

ఇంటి ఇంటర్‌నెట్‌లో ఏ కంపెనీది ఫాస్టు అంటూ మీ జిల్లా పేజీలో వేసిన పట్టిక చూశాను. ప్లాన్ రేటు, డౌన్‌లోడ్ స్పీడు తప్ప అందులో ఏమీ లేదు, ఆ స్పీడు కూడా కంపెనీలు చెప్పుకున్నదే. దాన్ని నమ్ముకుని కనెక్షన్ తీసుకుంటే కోనసీమలో పనిజరగదు.

మా ఇంట్లో ఒక కంపెనీ, ఎదురింట్లో ఇంకో కంపెనీ, రెండు వైర్లూ ఒకే కరెంటు స్తంభానికి వేలాడుతుంటాయి. రెండూ 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) ప్లాన్లే. మధ్యాహ్నం టెస్ట్ చేస్తే రెండూ వందకి దగ్గరగానే చూపిస్తాయి, రాత్రి భోజనాల వేళ చూడండి, వాళ్లది అలాగే ఉంటుంది, మాది సగానికి పడిపోతుంది. ఫైబర్ అంటే మన ఒక్కరికే విడిగా తీగ వస్తుందనుకుంటాం గానీ, ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్‌ని స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, దాని మొత్తం సామర్థ్యం డౌన్‌లోడ్‌కి సెకనుకి 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కి అందులో సగం. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి అది మామూలుగా సరిపోతుంది. చాలాసార్లు అసలు ఇరుకు దాని వెనక, ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్‌లో ఉంటుంది. బోదె ఎంత వెడల్పుగా తవ్వినా కాలవలో వదిలిన నీళ్లే కదా చేలోకి వచ్చేది! అంచేత అమలాపురంలో బ్రహ్మాండంగా ఉన్న కంపెనీయే రాజోలు వైపు నీరసంగా ఉండొచ్చు. కంపెనీ పేరు మీద జిల్లా మొత్తానికి ఒకే ర్యాంకు ఇస్తే ఎవరికి ఉపయోగం?

అప్‌లోడ్ మాటే ఎత్తలేదు మీరు. మా వైపు చాలా ఇళ్లవాళ్లు గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్ మాట్లాడతారు, రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు పెట్టుకుంటున్నారు, వర్క్ ఫ్రం హోమ్ పిల్లలున్నారు. వీళ్లకి కావలసింది మంచి అప్‌లోడూ, తక్కువ పింగూ (సిగ్నల్ అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం). 2016 డిసెంబరులో మన మోరి గ్రామంలో ప్రభుత్వ ఫైబర్ నెట్ మొదలైనప్పుడు 15 ఎంబీపీఎస్ అంటేనే అబ్బో అనుకున్నాం. ఇప్పటికీ హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ చాలు, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా సినిమా ముందే అయిపోదు.

ఇక వైఫై మీద కొలిస్తే మనం కొలిచేది కంపెనీని కాదు, ఇంటి గోడల్ని. రౌటర్ ఇచ్చే రెండు వైఫై సిగ్నళ్లలో 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం వెళ్తుంది గానీ స్పీడు తక్కువ, 5 గిగాహెర్ట్జ్‌ది బాగా లాగుతుంది గానీ రెండు గోడలు దాటేసరికి చతికిలపడుతుంది. రౌటర్‌కి ల్యాన్ వైరు పెట్టి, స్పీడ్ టెస్ట్‌లో అన్ని కంపెనీలకీ ఒకే సర్వర్ ఎంచుకుని కొలవాలి. (100 ప్లాన్‌లో డౌన్‌లోడ్ 12 దగ్గరే ఆగిపోతోందని కేబుల్ అబ్బాయిని తిట్టేవాళ్లున్నారు. ప్లాన్ చెప్పేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ చూపించేది మెగాబైట్లలో, 8 బిట్లు ఒక బైటు, పాపం అందులో అతని తప్పేం లేదు.)

అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఎర్ర లైటు. గాలివానకి కొబ్బరి మట్ట వైరు మీద పడిందంటే నెట్ పోయి బాక్సులో ఎర్ర లైటు మొదలవుతుంది. తెగిన ఫైబర్‌ని కరెంటు తీగలా మెలిపెట్టి టేపు చుడితే సరిపోదు, కొసల్ని కరిగించి అతికించే స్ప్లైసింగ్ మెషీన్ రావాలి, అది అన్ని ఊళ్లలో ఉండదు. పోయిన తుపానుకి ఎదురింట్లో మర్నాటికి నెట్ వచ్చేసింది, మాకు వారం దాటింది, బిల్లు మాత్రం 18 శాతం జీఎస్టీతో సహా పూర్తిగా వచ్చింది. ఇద్దరి స్పీడూ మీ పట్టికలో ఒకటే!

బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం 2023లో పెట్టింది, అంతకుముందు 512 కేబీపీఎస్ ఉంటే చాలు. ఆ రూలు పట్టుకుంటే మాది రాత్రిపూట కూడా పాసే, కాబట్టి ఫిర్యాదు చేసినా ఎవరికీ చీమ కుట్టదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈసారి మండలాల వారీగా, రాత్రి ఎనిమిదికి, అప్‌లోడ్‌తో సహా కొలిచి వేయండి, పోయిన నెట్ ఎన్ని గంటలకి తిరిగొచ్చిందో చెప్పే గడి కూడా ఒకటి పెట్టండి. స్క్రీన్‌షాట్లు పంపమని పాఠకులనే అడగండి, మా వీధిలో రెండు కంపెనీలవీ నేను పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అంబాజీపేట, కోనసీమ