ముందు ఆ గీతైనా గీయించండి సార్

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. నేను రాంపల్లిలో ఉంటూ రోజూ సిటీలోకి ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషిని. 2019లో మీరు మల్కాజిగిరి ఎంపీగా గెలిచారు. మా వైపు రోడ్లు మీకు కొత్త కాదు. మున్సిపల్ శాఖ కూడా మీ దగ్గరే ఉంది. ఇంకెవరికో అర్జీ పెట్టి, అది మెట్లెక్కి మీ టేబుల్ మీదికి వచ్చేదాకా ఎదురుచూడటం ఎందుకని, మౌలాలి నుంచి ఘట్‌కేసర్ దాకా రైల్వే లైన్ పక్కన ఒక కొత్త రోడ్డు కోసం నేరుగా మీకే రాస్తున్నాను.

మొన్న ఎండాకాలంలో అమ్మానాన్నలను రైలెక్కించడానికి చర్లపల్లి టెర్మినల్‌కు బయల్దేరాం. మా ఇంటికి అదేమంత దూరం కాదు. అయినా ఎందుకైనా మంచిదని గంటన్నర ముందే ఆటో ఎక్కాం. స్టేషన్ ఇంకో కిలోమీటరు ఉందనగా బండి ఆగిపోయింది. దిగి చూస్తే మలుపులో ఒక ఆయిల్ ట్యాంకరు, ఎదురుగా నీళ్ల ట్యాంకరు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. వాటి మధ్యలో ఒక స్కూల్ వ్యాను ఇరుక్కుంది. పక్కన టిఫిన్ బండాయన అట్లకాడ కింద పెట్టి, భుజం మీది తువ్వాలు ఊపుతూ ట్రాఫిక్ క్లియర్ చేస్తున్నాడు. పెనం మీద దోశ మాడుతోంది. "ఇప్పట్లో కదలదమ్మా, నడిచిపోండి" అన్నాడు మా అమ్మతో. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఆవకాయ జాడీ ఉన్న అట్టపెట్టె నా నెత్తి మీద. అలాగే నడిచాం. రైలు అందింది. మేం త్వరగా వెళ్లి కాదు, అది ఇరవై నిమిషాలు లేటు కాబట్టి.

ఆ టెర్మినల్‌ను ప్రధాని 2025 జనవరి 6న ప్రారంభించారు. దాదాపు 413 కోట్లు ఖర్చయింది. లోపలికి అడుగుపెడితే ఎయిర్‌పోర్టులా ఉంటుంది, అందులో వంక పెట్టడానికేం లేదు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల మీద భారం తగ్గించాలన్న ఆలోచనా మంచిదే. కానీ పెళ్లికి పందిరి ఘనంగా వేయించి, విడిదింటికి వెళ్లే దారిలో బురద అలాగే వదిలేసినట్టుంది వ్యవహారం. ఇటు ఈసీఐఎల్, కుషాయిగూడ నుంచి వచ్చినా, అటు చెంగిచెర్ల, మల్లాపూర్ వైపు నుంచి వచ్చినా, చివర్లో దూరాల్సింది కాలనీల మధ్య ఇరుకు రోడ్లలోకే.

ఆ రోడ్లు రైలు ప్రయాణికులవి మాత్రమే అయితే ఏదోలా సర్దుకుపోయేవాళ్లం. చర్లపల్లి పారిశ్రామికవాడ లారీలు వాటి మీదే తిరగాలి. ఆయిల్ డిపోల నుంచి బయటికొచ్చే ట్యాంకర్లకూ అవే దిక్కు. నాగారం, దమ్మాయిగూడ, కీసర వైపు నుంచి సిటీలోకి దిగే జనం ఈసీఐఎల్ చౌరస్తాలో కలుస్తారు. పొద్దున తొమ్మిదింటికి అక్కడ సిగ్నల్ ఎన్నిసార్లు పచ్చగా వెలిగినా మన వంతు రాదు. పోనీ వరంగల్ హైవే మీదుగా వెళ్దామంటే ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు 2018లో మొదలయ్యాయి. ఆరు కిలోమీటర్ల వంతెన కోసం పిల్లర్ల నీడలో దుమ్ము మింగుతూ మేం గడిపిన ఏళ్లు మీకు తెలియనివి కావు.

ఇక నా ప్రతిపాదన. మౌలాలి నుంచి చర్లపల్లి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాకా, రైల్వే లైన్ వెంబడే ఒక కొత్త రోడ్డు వేయించండి. కాజీపేట వెళ్లే పట్టాలు ఆ దారిలోనే ఉన్నాయి, కొత్తగా దారి వెతకాల్సిన పని లేదు. ఈ రోడ్డు పడితే వరంగల్, జనగామ, భువనగిరి నుంచి టెర్మినల్‌కు వచ్చేవాళ్లు ఉప్పల్ ముఖం చూడక్కర్లేదు, ఘట్‌కేసర్ దగ్గరే ఈ రోడ్డు మీదికి మళ్లుతారు. ట్యాంకర్లు కాలనీల్లోకి రాకుండా నేరుగా ఔటర్ ఎక్కేస్తాయి. మా రాంపల్లి వాళ్లం ఈసీఐఎల్ చౌరస్తా తగలకుండా మౌలాలి చేరతాం.

ఈ రోడ్డు పడితే హైటెక్ సిటీకి అరగంటలో వెళ్లిపోతామని నేను అనను. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా కార్లు పెరగడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే ఇందులో రెండు వరుసలు మొదటి రోజు నుంచే బస్సులకు వదిలేయాలని నా మనవి. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2024 మార్చిలో మొదలైంది. రైళ్లు చాలా తక్కువ, అది వేరే ఉత్తరానికి సరిపడా విషయం. ఉన్న ఆ కొద్ది రైళ్లనైనా పట్టుకోవాలంటే స్టేషన్ దాకా చేరే దారి ఉండాలి కదా. చర్లపల్లి, మౌలాలి స్టేషన్లకు పది నిమిషాలకో చిన్న బస్సు తిరిగితే నాలాంటివాళ్లు బైకు ఇంట్లోనే పెడతారు.

స్థలం ఎక్కడుందని అడుగుతారు. రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు ఇల్లు కట్టాలంటే రైల్వే ఎన్ఓసీ ఉండాలని బిల్డింగ్ రూల్స్ చెబుతున్నాయి. అందువల్లో ఏమో, చర్లపల్లి దాటాక పట్టాల పక్కన చాలాచోట్ల ఇంకా ఖాళీ కనిపిస్తోంది. మౌలాలి వైపు మాత్రం కష్టమే, ఇళ్లు దగ్గరగా ఉన్నాయి. అక్కడ కొంతదూరం వంతెన కట్టాల్సి రావచ్చు. భూమి ఇచ్చేవాళ్లకు డబ్బు వద్దనుకుంటే టీడీఆర్, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు, ఇవ్వొచ్చు, ఆ పద్ధతి నగరంలో అమల్లో ఉన్నదే. డబ్బు మాటకొస్తే, ఔటర్‌ను 30 ఏళ్లకు లీజుకిస్తే 2023లో 7,380 కోట్లు వచ్చాయి. ఆ రింగ్ రోడ్డు ఎక్కడానికి దారి లేక అల్లాడుతున్నవాళ్లకు అందులో పిసరంత వాటా అడగడం అత్యాశ కాదనుకుంటా.

ఈ మాటే కాగితం మీద రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్తే "ఇది మా పరిధి కాదు" అన్నారు. వాళ్లు చెప్పిన ఇంకో ఆఫీసుకు వెళ్తే, మొదటి ఆఫీసు పేరే చెప్పారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఒకరైతే టీ కూడా తెప్పించారు. రాష్ట్రం, రైల్వే ఒక టేబుల్ దగ్గర కూర్చోవాల్సిన పని ఇది. వాళ్లను కూర్చోబెట్టగలిగేది మీరే.

రేపే శంకుస్థాపన చేయమని అడగడం లేదు. శిలాఫలకాలు మా దగ్గర చాలానే ఉన్నాయి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ 2050 మాస్టర్ ప్లాన్ తయారుచేస్తోంది. అందులో మౌలాలి నుంచి ఘట్‌కేసర్ దాకా ఈ రోడ్డు గీత ఒకటి గీయించండి. సర్వే చేయించి, ఆ గీత మీద కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపించండి. కట్టడం మూడేళ్లకైనా, ఐదేళ్లకైనా సరే.

తొందర ఎందుకంటే, ఘట్‌కేసర్ వైపు పట్టాల పక్కన ఒక కందిచేను ఉంది. పోయిన నెల దాని గట్టు మీద తెల్లరంగు వేసిన హద్దురాళ్లు దింపారు. ఇంకా పాతలేదు, కుప్పగానే ఉన్నాయి. మీ సర్వే వాళ్లు వచ్చేనాటికి అవి అలా కుప్పగానే ఉండాలని కోరుకుంటూ,

ఇట్లు,
రాంపల్లి వాసి