క్లిప్పుల ఖర్చు తిరస్కరణపై ఫిర్యాదు

క్లెయిముల విభాగం మేనేజర్ గారికి,

విషయం: పెద్దపేగు పాలిప్ (లోపలి గోడ మీద పెరిగిన కండ) తీసినప్పుడు వేసిన క్లిప్పుల ఖర్చు తిరస్కరించడం గురించి.

అయ్యా,

మా నాన్నగారి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చేసేది) బిల్లులో మిగతావన్నీ ఇచ్చి, పాలిప్ తీసిన చోట పుండుని మూయడానికి వేసిన నాలుగు చిన్న లోహపు క్లిప్పుల డబ్బు మాత్రం కోసేశారు. మీ లెటర్‌లో రాసిన కారణం ఒకటే లైను: "రక్తస్రావం లేదు కనుక క్లిప్పులు అవసరం లేదు."

రక్తం కారలేదన్న మాట నిజమే. కారకూడదనే కదండీ వేసింది!

రిపోర్టు రెండో పేజీ చూడండి. పాలిప్ 25 మిల్లీమీటర్లు, కాడ లేకుండా గోడకు పరుచుకుని ఉంది, అదీ కుడివైపు పేగులో. కరెంటు పారే తీగ ఉచ్చుతో దాన్ని ముక్కలుగా తీశారు. నాన్నగారికి గుండెలో స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా చేసే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ వాడుతున్నారు. గుండె డాక్టర్‌ని అడిగే క్లోపిడోగ్రెల్ 5 రోజుల ముందు ఆపించి, ఆస్పిరిన్ మాత్రం కొనసాగించారు. ఆపిన మందుని తర్వాత మళ్ళీ మొదలుపెట్టక తప్పదు. అప్పటికి పాలిప్ తీసిన చోట లోపలి పుండు ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇలాంటి పుండు నుంచి రక్తం ఆ రోజే రావాలని లేదు, పైన కట్టిన పెచ్చు ఊడాక, రెండు వారాల్లోపు ఎప్పుడైనా రావచ్చు. మీరు చూసింది మాత్రం ఆ ఒక్క రోజునే.

ప్రతి పాలిప్‌కీ క్లిప్ వెయ్యాలని నేను అనడం లేదు. 10 మిల్లీమీటర్ల లోపువి కరెంటు లేకుండా ఉత్త ఉచ్చుతోనే తీసేస్తారు, వాటికి మామూలుగా క్లిప్పు అక్కర్లేదు. అలాంటి కేసులో మీరు క్లిప్పుల డబ్బు కోసుంటే నోరెత్తేవాణ్ణి కాదు. కానీ 20 మిల్లీమీటర్లు దాటిన, కాడ లేని పాలిప్‌ల మీద 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పుండుని క్లిప్పులతో మూసినవాళ్ళలో తర్వాత తీవ్రంగా రక్తం పోయింది 3.5 శాతం మందికి, మూయనివాళ్ళలో 7.1 శాతం మందికి. కుడివైపు పేగు ఒక్కటే చూస్తే 3.3కి 9.6. మా నాన్నగారిది అచ్చంగా ఆ కుడివైపు కేసే.

రిపోర్టుతో ఉన్న ఫొటోలు కూడా మీకు పంపాను. ఒకదాంట్లో రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండు. దాని పక్క ఫొటోలో అదే చోట, జిప్పు లాగినట్టు, వరసగా నాలుగు క్లిప్పులు. ఇది ఊరికే బిల్లు పెంచడానికి వేసినట్టు కనబడుతోందా?

ఆ రెండు వారాలూ నాన్నగారు బాత్రూంకి వెళ్ళొచ్చినప్పుడల్లా, "ఎర్రగా ఏమీ లేదురా" అని హాల్లోకొచ్చి చెప్పేవారు. అడక్కుండానే. మా టెన్షన్ అలా ఉండేది. నిజంగా రక్తం పోయి, మళ్ళీ అడ్మిట్ చేసి, ఇంకోసారి కొలనోస్కోపీ చేసి అప్పుడు ఇవే క్లిప్పులు వేసుంటే, మీ రూలు ప్రకారం మొత్తం ఇచ్చేవారే. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

దయచేసి ఈ క్లెయిమ్‌ని మళ్ళీ తెరిచి, పేగు వ్యాధుల డాక్టర్‌తో చూపించండి. ఆయనా కుదరదంటే, పుండు సైజు, అది ఉన్న చోటు, వాడుతున్న మందులు మూడూ ప్రస్తావిస్తూ, ఆ డాక్టర్ సంతకంతో కారణం రాసి పంపండి. "రక్తస్రావం లేదు" అన్న పాత లైనే మళ్ళీ పంపితే మాత్రం బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్తాను. రిపోర్టు, ఫొటోలు, గుండె డాక్టర్ చీటీ మరోసారి జతచేస్తున్నాను.

ఇట్లు,
పాలసీదారు