ఆవకాయ కిట్‌లో పెట్టిన కాగితం గురించి

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మా ఆవకాయ కిట్ తీసుకున్నవాళ్లలో తొమ్మిది మంది పచ్చడికి బూజు పట్టిందని ఫోన్ చేశారు. మొదట మామిడికాయల మీదకు నెట్టేశాను. కాదు, తప్పు ఎలా కలపాలో చెప్తూ నేను పెట్టిన కాగితానిది.

ఆ కాగితంలో పైసగం మా అమ్మమ్మ గురించే. ఆవిడ జాడీలు, పెరట్లో చెట్టు, అవీ ఇవీ. తడి సంగతి ఎక్కడో కింద రాశాను, అదీ ఇలా: "కారం, ఉప్పు, ఆవపిండి వేసి కలపండి. అంతకుముందే ముక్కల్ని పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుకుని ఉండాలి." చదువుతూ కలిపేవాళ్లు రెండో వాక్యానికి వచ్చేసరికి మోచేతుల దాకా కారం. పప్పునూనె కిట్‌లో రాదన్న మాటైతే కాగితం వెనకవైపు ఉంది. ఒకావిడ రాత్రి తొమ్మిదింటికి ముక్కలన్నీ కలిపేసుకుని, "నూనె ఏదమ్మా?" అని ఫోన్ చేశారు.

పక్కింటి వదినకిచ్చి నా ఎదురుగా చదవమన్నాను. అమ్మమ్మ కథ గడగడా చదివేసి నవ్వింది. అదే ఊపులో కొలతల్లోకి దిగింది. మూడో లైను దాటాక ఆగి, వేలు పెట్టుకుని మళ్లీ పైనుంచి మొదలెట్టింది. "ఇందాక చదివింది బుర్రకెక్కలేదే" అంది. కథ చదివే వేగం కొలతలకు పనికిరాదు. ముందు కథ పెట్టి ఆ వేగం అలవాటు చేసింది నేనే.

మా అబ్బాయి సైకాలజీ చదువుతున్నాడు. వాడు చెప్పిన ముచ్చట ఒకటి. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే పరిశోధకులు బట్టలుతికే పద్ధతి మీద, బట్టలన్న మాట లేకుండా రాసిన పేరా కొందరికి వినిపించారట. ఇది దేని గురించో ముందే చెప్పినవాళ్లకు బాగా అర్థమైంది, గుర్తుంది కూడా. విన్నాక చెప్తే, చెప్పినా చెప్పకపోయినా ఒకటే అయిందట. కాగితం వెనకవైపు నేను రాసిన నూనె మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కొత్త కాగితం వేయించాను. మొదటి లైనులో ఎన్ని ముక్కలకు సరిపోతుంది, మూడో రోజు తిరగకలపాలన్న సంగతి. తర్వాత ఇంట్లో ఉండాల్సినవి: నూనె, పొడిగుడ్డ, జాడీ. ఆ తర్వాతే పని, చేసే వరసలో. అమ్మమ్మ వెనక్కి వెళ్లింది. తీసెయ్యడానికి మనసొప్పలేదు.

పచ్చడి పాడైనవాళ్లకు పొడుల ప్యాకెట్లు మళ్లీ పంపుతాను. కాయల డబ్బు మాత్రం ఇచ్చుకోలేను, ఏమీ అనుకోకండి. పాత కిట్ ఇంకా విప్పనివాళ్లు లోపలి కాగితం పక్కన పడేసి వాట్సాప్‌లో అడగండి, కొత్తది పంపుతాను.