మా అబ్బాయిని పేరుతో పిలవండి: ప్రిన్సిపల్ గారికి బహిరంగ లేఖ

ప్రిన్సిపల్ గారికి నమస్కారం.

రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

మా అబ్బాయి జాతి పేరును కుదించి స్నేహితులు ముద్దుగా పిలిచేవారు. వాడూ నవ్వుతూ పలికేవాడు. ఇప్పుడదే మాట ముఖపరిచయం లేనివాళ్ల నోట వెక్కిరింపుగా వస్తోంది. మొన్న రాత్రి వాడు టీమ్ జెర్సీ వెనక అచ్చయిన ఆ మాట కనపడకుండా గుడ్డముక్క వేసి కుట్టుకుంటున్నాడు. చూసి నా కడుపు తరుక్కుపోయింది.

‘జాప్’ కూడా మొదట ‘జపనీస్’కు పొట్టి రూపమే. రెండో ప్రపంచయుద్ధంలో, లక్షమందికి పైగా జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన రోజుల్లో, అది తిట్టుగా స్థిరపడిపోయింది.

క్లాసులోనూ జెర్సీ మీదా అసలు పేరే ఉండాలని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. 15 రోజుల్లో జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి