రిపేర్ పని ఉంటుందా అని అడిగినావు కదా

చిన్నోడా,

నీ మెసేజ్ చూసినా. వాయిస్ పెడదాం అనుకున్నా గానీ షాపులో కంప్రెసర్ సౌండ్, అందుకే ఇట్లా పొడుగ్గా టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువు. డిప్లొమా అయినాక బెంగళూరు పీణ్యాకి వచ్చి, ఫ్యాక్టరీ మెషిన్ల బోర్డులు రిపేర్ చేసే మన షాపులో కూర్చుంటే ఏఐ వచ్చి ఆ పని కూడా తినేస్తుందేమో, ఏదైనా కోర్సు చేసి సాఫ్ట్‌వేర్ వైపు పోదామా అన్నావు. మీ నాయన్ని అడిగితే "సోల్డరింగ్ ఐరన్ పట్టుకోమను చూద్దాం ఆ ఏఐని" అని నవ్వేస్తాడు. నాకు అంత ధీమా లేదు, నీకున్నంత భయమూ లేదు.

ఫోన్ మీద చెప్పే పని మాత్రం పోయింది, అది ఒప్పుకోవాల్సిందే. ఇంతకు ముందు మోటర్ స్పీడ్‌ని కంట్రోల్ చేసే డ్రైవ్ ఓవర్ వోల్టేజ్ అని ట్రిప్ అయితే ఫ్యాక్టరీ వాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు, మీ నాయన బండేసుకుని దాబస్‌పేట దాకా పోయి డిసెలరేషన్ టైమ్, అంటే మోటర్ నిదానంగా ఆగే టైమ్, కొంచెం పెంచి విజిటింగ్ ఛార్జ్ తీసుకుని వచ్చేవాడు. ఇప్పుడు అక్కడి ఆపరేటర్ పిల్లోడే స్క్రీన్ ఫోటో తీసి చాట్‌జీపీటీకి పెడతాడు, టైమ్ పెంచు, లేదంటే బ్రేకింగ్ రెసిస్టర్ చూడు అని అది చెప్పేస్తుంది. కరెక్టే చెప్తుంది కూడా. ఆ డబ్బు ఇంగ రాదు.

మరి బెంచ్ మీదకు వచ్చేవేంది అంటే, మొన్న ఒక మోల్డింగ్ యూనిట్ వాళ్ళు పెద్ద డ్రైవ్ తెచ్చినారు, అండర్ వోల్టేజ్ అని ఆగిపోతాంది. ఏఐ చెప్పినవన్నీ వాళ్ళు చేసే వచ్చినారు, ఇన్‌కమింగ్ 415 వోల్టులు సరిగ్గా ఉంది, ఫ్యూజులు బాగున్నాయి, ప్రీఛార్జ్ కాంటాక్టర్ కూడా కొత్తది వేసినారు. నేను డీసీ బస్ మీద, అంటే డ్రైవ్ లోపల ఏసీ డీసీగా మారినాక వచ్చే చోట, మీటర్ పెడితే 580 పైన చూపిస్తాంది, డ్రైవ్ డిస్‌ప్లేలో మాత్రం 430. అంటే వోల్టేజ్ పడిపోలేదురా, కొలిచే సర్క్యూటే తప్పు చెప్తాంది. బస్ వోల్టేజ్‌ని తగ్గించి ప్రాసెసర్‌కి ఇచ్చేదానికి వరసగా పెద్ద వాల్యూ రెసిస్టర్లు ఉంటాయి కదా, వేడికీ ఆయిల్ పొగకీ వాటిల్లో ఒకటి వాల్యూ పెరిగిపోయింది. రూపాయి కూడా చెయ్యని రెసిస్టర్. ఏఐ తప్పు చెప్పిందని నేను అనను, డ్రైవ్ ఏం చెప్పిందో దాన్నే నమ్మింది. డ్రైవే అబద్ధం చెప్తాంటే దానికెట్లా తెలుస్తుంది, ఎవరో ఒకరు మూత తీసి మీటర్ పెట్టాల.

నువ్వు పుట్టకముందు నేను సర్క్యూట్ బోర్డులు చేసే పీసీబీ లైన్లో పనిచేసినా కదా, అక్కడ ఆడోళ్ళం వరసగా కూర్చుని భూతద్దం కింద బోర్డులు చూసేవాళ్ళం. తర్వాత కెమెరాతో చెక్ చేసే మెషిన్ వచ్చింది, ఏఓఐ అంటారు. చూసే పని చాలామందికి పోయింది, ఉత్తమాట చెప్పను. కానీ ఆ మెషిన్ బాగున్న సోల్డర్‌ని కూడా తప్పు అని ఎర్ర గుర్తు పెడతాంటే, అది నిజమా కాదా తేల్చేదానికి మనిషిని పెట్టినారు, నిజమైతే సరిచేసేదానికి ఇంకొకర్ని పెట్టినారు. నేను అట్లా రీవర్క్‌కి పోయినా, ఈ రోజు షాపులో నా చేతికొచ్చిన పనంతా అక్కడిదే.

నన్ను అడిగితే ఏఐ కంటే జాస్తి దెబ్బ వేరే చోట ఉంది. ఒకటి రెండు హెచ్‌పీ చిన్న డ్రైవ్‌లు ఎవరూ రిపేర్‌కి తేవడం లేదు, మన లేబర్‌కి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. కొన్ని బోర్డులకు ఐసీల మీద నంబర్లు గీకేసి ఉంటారు, కొన్ని మొత్తం ఎపాక్సీలో ముంచేసి ఉంటాయి, మైక్రోకంట్రోలర్ పోతే లోపలి ప్రోగ్రామ్ లాక్, కొత్త చిప్ వేసినా ఉత్తదే. ఇందులో కష్టమేందంటే, మన దగ్గర నేర్చుకున్న పిల్లలందరూ ఆ చిన్న డ్రైవ్‌ల మీదే చెయ్యి తిప్పుకున్నారు, రెండు కాల్చినా పోయేది పెద్దగా లేదు. ఇప్పుడు కొత్తోడి చేతికి మొదటి బోర్డే సర్వో మోటర్‌ని నడిపే, లక్షల రూపాయల సర్వో యాంప్లిఫయర్ ఇవ్వాలంటే ఎవరిస్తారు? నేనైతే ఇవ్వను, కొడుకైనా సరే.

పని మాత్రం తగ్గేలాగ లేదు. ఆటోమేషన్ అంటే ఏందిరా, ఇంకా జాస్తి డ్రైవ్‌లు, ఇంకా జాస్తి పవర్ సప్లైలు, ఫ్యాన్లు, కెపాసిటర్లు. ఆరు యాక్సిస్‌ల రోబో ఒకటి పెడితే ఆరు సర్వో మోటర్లు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం అవుతుంది, ప్యానెల్ ఫ్యాన్ దుమ్ము పట్టి ఆగిపోయినాక రోబో అయితేనేం, పాత లేత్ అయితేనేం. 1979లో వచ్చిన సీమెన్స్ ఎస్5 పీఎల్‌సీలు, అంటే మెషిన్‌ని నడిపే కంట్రోలర్లు, ఇంకా మన బెంచ్ మీదకు వస్తాండాయి, తెలుసు కదా. వాటి జర్మన్ డ్రాయింగులు చదివేదానికి నేనే ఏఐని వాడతా, బోర్డు పైనే అతికించే చిన్న ఎస్ఎండీ పార్ట్ మీద కోడ్ ఏందో కూడా దాన్నే అడుగుతా. పిన్ నంబర్లు మాత్రం డేటాషీట్‌లో చూడకుండా నమ్మను, ధైర్యంగా తప్పు చెప్తుంది అది.

కాబట్టి నువ్వు ఈ లైన్లోకి రా, కానీ నేరుగా మన షాపుకి వద్దు. రెండేళ్ళు ఏదైనా ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చెయ్యి, నైట్ షిఫ్ట్ అయినా పర్లేదు. లైన్ ఆగిపోయి సూపర్‌వైజర్ నెత్తి మీద నిలబడినప్పుడు మోటర్ కేబుల్ విప్పి, ఇన్సులేషన్ బాగుందా చూసే మెగ్గర్ పెట్టి, తప్పు మోటర్లోనా డ్రైవ్‌లోనా అని తేల్చడం అక్కడే వస్తుంది, మా బెంచ్ మీద రాదు. ఆసిలోస్కోప్, నెట్‌వర్క్ కేబుళ్ళ గొడవ, పీఎల్‌సీ ప్రోగ్రామ్, అన్నీ వాళ్ళ జీతం మీద నేర్చుకుంటావు. శాలరీ తక్కువే ఉంటుంది, రూమ్ అద్దె అవసరం లేదు, ఇంట్లోనే ఉండొచ్చు.

మీ నాయన దీనికి ఇంకా ఒప్పుకోలేదు, షాపులో మనిషి లేడు, సొంత కొడుకుని బయటికి పంపిస్తావా అంటాండాడు. ఆదివారం ఫోన్ చేసి నువ్వే మాట్లాడు, నేను చెప్తే వినడు.

అమ్మ