జర్మనీలోని కొలోన్‌లో బేవేఎల్ (బిజినెస్ డిగ్రీ) చదవబోతున్న చిన్నూకి

చిన్నూ,

కొలోన్ యూనివర్సిటీ అడ్మిషన్ లెటరు, మన చదువు కాగితాలు సరైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్టు, వీసా అన్నీ చేతికొచ్చాయి. ఇంటర్‌తోనే బయల్దేరకుండా బీకాం ఫస్టియర్ పూర్తిచేశావు కాబట్టి స్టూడియెన్‌కొలెగ్ అనే సన్నాహక కోర్సు చుట్టూ తిరగకుండా నేరుగా మొదటి సెమిస్టర్‌లో చేరుతున్నావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నాను. విమానంలో చదువుకో, దిగాక ఇంకోసారి చదువు.

ముందు ఒక అపోహ వదిలించుకో. అక్కడి బేవేఎల్ మన దగ్గరి బీబీఏ లాంటిది కాదు. ప్రెజెంటేషన్లు, ఇంటర్నల్ మార్కులు, గ్రూప్ డిస్కషన్లు పెద్దగా ఉండవు. మొదటి మూడు సెమిస్టర్లు అకౌంట్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, లా మీదే నడుస్తాయి. మార్కెటింగో ఫైనాన్సో నీ ఇష్టప్రకారం ఎంచుకునేది ఆ తర్వాతే. మొత్తం ఆరు సెమిస్టర్లు, 180 క్రెడిట్లు. అంటే సెమిస్టర్‌కి 30.

క్రెడిట్‌ని గంటల్లో చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. 6 క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి తీసుకుందాం. వారానికి నాలుగు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు, 14 వారాలు వేసుకుంటే క్లాసులో గడిచేది 42 గంటలు. క్రెడిట్‌కి 30 గంటల చొప్పున ఆ సబ్జెక్టుకి కేటాయించింది 180. మిగతా 138 గంటలు నువ్వొక్కడివే కూర్చుని చదవాలి. టైంటేబుల్ ఖాళీగా కనిపిస్తోందని మోసపోయేది ఇక్కడే. ఫోర్‌లేజుంగ్‌లో, అంటే లెక్చర్‌లో, వందలమంది కూర్చుంటారు, హాజరు వేయరు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ళుండరు. చాలా సబ్జెక్టులకి సెమిస్టర్ చివర ఒకే ఒక్క క్లౌజూర్, అంటే రాతపరీక్ష, 60 నుంచి 120 నిమిషాలు. మార్కంతా అందులోంచే.

అందుకే వెళ్ళిన వారంలోనే ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్ డౌన్‌లోడ్ చేసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. పరీక్షల నియమావళి అది, నీ డిగ్రీకి రాజ్యాంగం లాంటిది. అందులో నాలుగు సంగతులు వెతికి పట్టుకో.

మొదటిది, పరీక్షకి పేరు నమోదు. క్లిప్స్ అనే పోర్టల్‌లో కోర్సుకి వేరుగా, పరీక్షకి వేరుగా నమోదు చేసుకోవాలి. కోర్సులో పేరుంది కదా అని పరీక్షకి నమోదు మర్చిపోయేవాళ్ళు ప్రతి సెమిస్టర్‌లోనూ ఉంటారు. గడువు దాటిందంటే ఎంత చదివినా హాల్లో కూర్చోనివ్వరు. ఫైన్ కట్టి రాసే పద్ధతి మన దగ్గర ఉంటుంది, అక్కడ ఉండదు. పేరు వెనక్కి తీసుకోవడానికీ ఒక తేదీ ఉంటుంది, దాన్ని కూడా క్యాలెండర్‌లో పెట్టుకో.

రెండోది, ఎన్నిసార్లు రాయవచ్చు అన్నది. జర్మనీలో ఎక్కువచోట్ల ఒక పరీక్షకి మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారీ పోయిందంటే ఆ కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. అంతటితో ఆగదు, అదే కోర్సులో ఇంకో యూనివర్సిటీలో చేరదామన్నా తలుపు మూసుకుంటుంది. రెసిడెన్స్ పర్మిట్ కూడా చదువుతోనే ముడిపడి ఉంది. సప్లిమెంటరీ ఉందిలే అనే ధీమా ఇక్కడే వదిలిపెట్టి వెళ్ళు.

మూడోది, ఒకసారి పాసయ్యాక మార్కు పెంచుకుందామని మళ్ళీ రాయడం సాధారణంగా కుదరదు. గ్రేడ్లు 1,0 నుంచి 4,0 వరకు (అక్కడ దశాంశానికి కామా, వేలకి చుక్క, నేనూ అలాగే రాస్తున్నాను), సంఖ్య ఎంత తగ్గితే అంత మంచిది. 5,0 అంటే ఫెయిల్. ఏమీ ప్రిపేర్ కాకుండా వెళ్ళి 3,7 తెచ్చుకుంటే అది సర్టిఫికెట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. మాస్టర్స్ సీటు ఇచ్చేటప్పుడు చూసేది ఆ సగటునే. ఒక సబ్జెక్టులో అసలు తయారు కాలేదని తెలిస్తే గడువులోపల పేరు వెనక్కి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. అయితే రెండింటికి మించి వెనక్కి నెట్టకు, తర్వాతి సెమిస్టర్ మోయలేవు.

నాలుగోది, జబ్బు. పరీక్ష రోజు జ్వరమొస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్ళి అటెస్ట్, అంటే మెడికల్ సర్టిఫికెట్, తీసుకుని, నియమావళిలో చెప్పిన గడువులోపల ప్రూఫుంగ్స్‌ఆమ్ట్ అనే పరీక్షల ఆఫీసుకి పంపాలి. ఓపిక చేసుకుని రాసి, మార్కులు తగ్గాక జ్వరంతో రాశానంటే వినరు. రాశావంటే నీ అవకాశాల్లో ఒకటి ఖర్చయినట్టే.

ఇక చదువు సంగతి. అకౌంట్స్ నీకు వచ్చు, డెబిట్ క్రెడిట్ అక్కడా అవే, ఎడమ పక్క జోల్, కుడి పక్క హాబెన్. తేడా పన్ను దగ్గర వస్తుంది. అక్కడ దాదాపు ప్రతి ఎంట్రీలోనూ 19 శాతం అమ్మకపు పన్ను వేరుగా రాయాలి. 1.190 యూరోల సరుకు అప్పుకి కొన్నావనుకో. సరుకు ఖాతాలో 1.000, ఫోర్‌ష్టోయర్ ఖాతాలో 190 జోల్ పక్కన వేసి, సప్లయర్ ఖాతాలో 1.190 హాబెన్ పక్కన వేస్తావు. ఆ 190 మన ఇన్‌పుట్ జీఎస్టీ లాంటిదే, ఖర్చు కాదు, తిరిగి రావలసింది. ఇక్కడివరకు అందరూ బాగానే రాస్తారు. తర్వాత ప్రశ్నలో, 2 శాతం స్కోంటో (త్వరగా కడితే ఇచ్చే డిస్కౌంటు) తీసుకుని బిల్లు చెల్లించాడు అంటాడు. చెల్లించేది 1.166,20, డిస్కౌంటు 23,80. చాలామంది ఆ 23,80 మొత్తాన్నీ సరుకు ఖరీదులోంచి తీసేస్తారు. అది తప్పు. 23,80ని 1,19తో భాగిస్తే 20 వస్తుంది, సరుకు ఖరీదు తగ్గేది అంతే. మిగిలిన 3,80 ఫోర్‌ష్టోయర్‌లోంచి తగ్గించాలి, ఎందుకంటే కట్టని డబ్బు మీద పన్ను వెనక్కి అడగకూడదు. ఈ ఒక్క లెక్క నిద్రలో లేపి అడిగినా వచ్చేలా సాధన చెయ్యి.

ఖాతాలకి పేర్లతోపాటు నంబర్లుండడం కూడా నీకు కొత్త. దాని వెనక కొలోన్‌లోనే పాఠాలు చెప్పిన ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్ ఉన్నాడు, 1927లో ఆయన ఖాతాల చట్రాన్ని ప్రతిపాదించాడు. కొలోన్‌లో కామర్స్ కాలేజీ 1901లోనే మొదలైంది. ఈ శాస్త్రం పుట్టి పెరిగిన ఊళ్ళలో అదొకటి, అక్కడ చదవబోతున్నావంటే నాకు నిజంగా గర్వంగా ఉంది.

రెండో సెమిస్టర్ అటూ ఇటూ బ్యాలెన్స్ షీటు వస్తుంది, అదంతా హాగేబే అనే వ్యాపార చట్టం ప్రకారం. దానికి ప్రాణం జాగ్రత్త సూత్రం. లక్ష యూరోలకి కొన్న స్థలం ఈరోజు మూడు లక్షలు పలికినా పుస్తకాల్లో లక్షే ఉంటుంది, అమ్మేదాకా లాభం చూపకూడదు. రాబోయే నష్టం మాత్రం కనిపించిన వెంటనే చూపాలి. అప్పిచ్చినవాళ్ళ డబ్బు కాపాడడానికే ఈ పద్ధతి. కారణం ఇదని పట్టుకుంటే సెక్షన్లు వాటంతటవే గుర్తుంటాయి.

లా పేపర్ దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. మన 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో, సిద్ధంగా ఉన్న ఫలానా వస్తువు గురించి షరతుల్లేని ఒప్పందం కుదిరితే, ఆ క్షణమే అది కొన్నవాడిదవుతుంది. జర్మనీలో అలా కాదు. బేగేబే అనే సివిల్ చట్టం సెక్షన్ 433 కింద అమ్మకం ఒప్పందం కుదిరితే పుట్టేవి బాధ్యతలే, ఇతను వస్తువు ఇవ్వాలి, అతను డబ్బివ్వాలి. వస్తువు చేతులు మారి, హక్కు మార్చుకుంటున్నామని ఇద్దరూ ఒప్పుకోవడం సెక్షన్ 929 కింద వేరే సంగతి. ఒకటి చెల్లకపోయినా రెండోది చెల్లవచ్చు. జవాబులో ఈ రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి. ఎవరు, ఎవరిని, ఏమిటి, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు అన్న వరసలో రాయి. ముందే తీర్పు చెప్పేయకు, షరతులు ఒక్కొక్కటీ పరిశీలించి చివర్లో తేల్చు.

నీది ఎంఈసీ కాబట్టి మ్యాథ్స్‌కి భయపడనక్కర్లేదు, అయినా సెమిస్టర్‌కి ముందు పెట్టే ఫోర్‌కుర్స్‌కి తప్పక వెళ్ళు. లెక్కలకి కాదు, లెక్కని జర్మన్‌లో వినడం అలవాటవ్వడానికి. పైన నేను రాసినట్టు అక్కడ వేలకి చుక్క, దశాంశానికి కామా. మన అలవాటు చొప్పున 1.190 చూసి ఒకటి పాయింట్ ఒకటి తొమ్మిది అనుకుంటే లెక్కంతా తల్లకిందులవుతుంది. మొదటి రోజు నుంచే నీ నోట్సులో కూడా అలాగే రాయి.

వారంలో ఒక్క క్లాసుకే వెళ్ళగలిగితే యూబుంగ్‌కి వెళ్ళు, పరీక్షలో వచ్చే రకం లెక్కలు చేసేది అక్కడ. ఆ వారం షీటు ముందే సొంతంగా చేసుకుని వెళ్ళాలి, బోర్డు మీది జవాబు ఎక్కించుకుని వస్తే ఏమీ మిగలదు. పాత ప్రశ్నపత్రాల కోసం ఫాఖ్‌షాఫ్ట్ అనే విద్యార్థి సంఘంలోని సీనియర్లని అడుగు. టైంటేబుల్‌లో 10 పక్కన సీటీ అని ఉంటే క్లాసు పదింపావుకి, ఎస్టీ అని ఉంటే సరిగ్గా పదికి.

డబ్బు లెక్క నీకు తెలిసిందే. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11.904 యూరోలు నెలకి 992 చొప్పున వస్తాయి. హెల్త్ ఇన్సూరెన్స్‌కి 150 దాకా, గది అద్దెకి దాదాపు సగం పోతాయి. ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ మాత్రం ప్రతి సెమిస్టర్‌కీ గడువులోపల కట్టాలి. దాన్నే ర్యూక్‌మెల్డుంగ్ అంటారు, కట్టకపోతే పేరు తీసేస్తారు. పనికి ఏడాదిలో 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల వరకు అనుమతి ఉంది. 2026 జనవరి నుంచి గంటకి కనీసం 13,90 యూరోలు ఇవ్వాలి, అంతకంటే తక్కువకి ఒప్పుకోకు. మొదటి సెమిస్టర్‌లో మాత్రం పని వద్దు నాన్నా. తక్కువపడితే మాకు చెప్పు, మేం చూసుకుంటాం. మూడో సెమిస్టర్ నుంచి ఏదైనా కంపెనీలో వెర్క్‌ష్టుడెంట్‌గా, అంటే చదువుకుంటూ పనిచేసే ఉద్యోగిగా, క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలు మించకుండా చేస్తే చదువుకీ పనికొస్తుంది.

గది దొరికి చేరిన రెండు వారాల్లోపల ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించుకో. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి, తాళాలు తీసుకునేటప్పుడే అడుగు. ఓనర్ ఆ కాగితం ఇవ్వనంటే ఆ గది మనకొద్దు.

మొదటి ఫలితాలు వచ్చాక మార్కు ఏదైనా సరే, ఐన్‌జిష్ట్ రోజున వెళ్ళి నీ జవాబుపత్రం నీ కళ్ళతో చూసుకో. కూడికలో పొరపాటుంటే అక్కడే అడగాలి. అకౌంట్స్ పేపర్లో మార్కులు ఎక్కడ పోయాయో రాసుకుని రాత్రికి నాకు ఫోన్ చెయ్యి, ఆ ఎంట్రీలు ఇద్దరం కలిసి మళ్ళీ వేద్దాం.

అమ్మ