మాత్రలు ఇచ్చారు, మరి వాచిన కాలి సంగతి?

సంపాదకులకు నమస్కారం.

ఫైలేరియా (బోదకాలు జబ్బు) మాత్రల పంపిణీ జరిగిన ప్రతిసారీ ఎంతమంది మింగారు, ఎంతమంది మిగిలారు అన్న లెక్కలు పత్రికల్లో వస్తాయి. ఆ లెక్కలు అవసరమే. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రక్తంలో తిరిగే పిల్ల పురుగులను తగ్గించి, క్యూలెక్స్ దోమ వాటిని మరొకరికి మోసుకుపోకుండా చేస్తాయి. అయితే ఇదివరకే కాలు వాచినవారికి ఆ మాత్రలతో వాపు దిగదు. పెద్ద పురుగులు ఏళ్ల తరబడి శోషరస (లింఫ్) నాళాల్లో ఉండి వాటిని దెబ్బతీస్తాయి. ఆ తర్వాత అవి చచ్చిపోయినా నాళాలు మామూలు స్థితికి రావు. మా గోదావరి జిల్లాల్లో ఇలా బోదకాలుతో బతుకుతున్నవారి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వీరిని వాపుకన్నా ఎక్కువగా కుంగదీసేది మాటిమాటికీ వచ్చే చలిజ్వరం. గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి, ముట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పితో మనిషి రోజుల తరబడి మంచం దిగలేడు, ఆ రోజుల కూలీ పోతుంది. జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కి, చర్మం ఇంకాస్త గట్టిపడుతుంది. పురుగు వల్లనే ఈ జ్వరమని జనం అనుకుంటారు గానీ, చాలావరకు దీనికి కారణం వేళ్ల సందుల్లో పాసిన చోటు నుంచో, చిన్న గీత నుంచో లోపలికి దిగే మామూలు బ్యాక్టీరియా. ఊడ్పుల రోజుల్లో పొద్దస్తమానం బురదలో నిలబడే ఆడవాళ్ల వేళ్ల సందులు ఎలా ఉంటాయో పల్లెలో పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ జ్వరాలను తగ్గించడానికి పెద్దాసుపత్రి అక్కర్లేదు. మా అత్తగారి కాలు ఎలా కడగాలో ఉద్యోగ విరమణ చేసిన ఒక ఏఎన్ఎం (పల్లె ఆరోగ్య కార్యకర్త) గారు నాకు దగ్గరుండి నేర్పారు. వేడినీళ్లు వాడకూడదు. సబ్బును చేతుల్లో నురగ చేసుకుని పైనుంచి కిందికి మడత మడతా కడగాలి. వేళ్ల సందుల్లో పలచటి గుడ్డపేలికను మెల్లగా జరపాలి. ఆ తర్వాత రుద్దకుండా, అద్దినట్టుగా తుడిచి, సందుల్లో తడి అన్నది లేకుండా చూడాలి. పాసిన చోట మందు రాయాలి. పడుకున్నప్పుడు కాలిని ఎత్తు మీద ఉంచాలి, కూర్చున్నప్పుడు చీలమండను పైకీ కిందికీ ఆడించాలి. జ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం కాలిని ఆడించకుండా తడిగుడ్డ వేసి, డాక్టరును అడిగి యాంటీబయాటిక్ వాడాలి. కాపడాలు, ఆకుపసర్లు, గాట్లు పెట్టించడం ఎంత కీడు చేస్తాయో చెప్పేవాళ్లు లేకనే జనం ఇప్పటికీ వాటినే నమ్ముకుంటున్నారు.

టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, మందు ఉన్న కిట్లు ప్రభుత్వం ఇవ్వడం లేదని నేను అనను. కానీ కిట్టు చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోతే, సబ్బు అయిపోయిన నాడే ఆ పని ఆగిపోతుంది. కడిగి చూపించడం, నెల తిరిగాక మళ్లీ వచ్చి వేళ్ల సందులు చూడడం అసలు వైద్యం. పింఛను విషయంలోనూ ఇదే లోపం కనిపిస్తోంది. మన రాష్ట్రంలో రెండు కాళ్లూ తీవ్రంగా చెడినవారికి పింఛను ఉంది, అది ఉండవలసిందే. సంరక్షణ వల్ల ఎక్కువ మేలు జరిగేది మాత్రం వాపు తొలిదశలో ఉన్నవారికి, వారికే ఆ పింఛను అందడం లేదు.

2027 నాటికి ఫైలేరియాను నిర్మూలిస్తామని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. నిర్మూలన జరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించాలంటే, దోమ ద్వారా వ్యాప్తి ఆగిందని చూపితే సరిపోదు. ఈ జబ్బుతో కాళ్లు వాచినవారు, వరిబీజం (వృషణాల వాపు) ఉన్నవారు ఎంతమందో, వారికి సేవలు ఎక్కడ దొరుకుతున్నాయో కూడా చూపించాలి. కేరళలోని కాసర్‌గోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ ఆయుర్వేదం, యోగా, కట్టు కట్టడం, ఆధునిక వైద్యం కలిపి ఇలాంటి కాళ్లకు చికిత్స చేస్తోంది. అంత ఏర్పాటు ప్రతి మండలంలోనూ కుదరదని తెలుసు. కనీసం మాత్రలు పంచే ఆశా కార్యకర్తకే కాలు కడగడం నేర్పి, ఆ పనికి ఆమెకు విడిగా పారితోషికం ఇవ్వాలి. ఉపకేంద్రంలో ఏడాది పొడవునా సబ్బు, మందు ఉంచాలి. చలిజ్వరం వచ్చిన రోజునే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యాంటీబయాటిక్ దొరకాలి. కుష్ఠు బాధితులకు మెత్తటి ఎంసీఆర్ (ఒక రకం మెత్తటి రబ్బరు) చెప్పులు ఉచితంగా ఇస్తున్నారు. అలాగే వాచిన పాదం కొలత తీసుకుని వీరికీ చెప్పులు కుట్టించి ఇవ్వాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అమలాపురం